ఆర్ తప్పు చేసిందనిపించినప్పుడు: సమస్య – పరిష్కారం

గణాంకాల పనికి వాడే ఆర్ భాషలో రాసిన ప్రోగ్రాము ఊహించని జవాబు ఇచ్చిన వెంటనే, భాషలోనే బగ్ ఉందేమోనన్న అనుమానం కలగడం సహజం. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టిన ఈ భాష 1.0.0 వెర్షను 2000 ఫిబ్రవరి 29న వెలువడింది. అప్పటి నుంచి దాని మూల ఫంక్షన్లను ఎందరో ఎన్నో రకాలుగా వాడి చూశారు గనుక, కూడికలోనో సగటులోనో ఎవరి కంటా పడని దోషం ఇంకా మిగిలి ఉండే అవకాశం చాలా తక్కువ. కొత్తగా వచ్చిన, కొద్దిమంది మాత్రమే వాడే ప్యాకేజీల (ఆర్‌కు జోడించుకునే ఫంక్షన్ల కట్టల) విషయంలో ఇంత ధీమాగా చెప్పలేము. ఎక్కువ ఫిర్యాదుల వెనక ఉండే సంగతి ఒక్కటే: తెర మీద కనిపించేది ఒకటి, మెమరీలో ఉన్నది మరొకటి. అందుచేత ఏ లక్షణం ఎదురైనా మొదట ఆ డేటా ఉన్న వస్తువు మీద ఎస్‌టీఆర్ ఫంక్షన్‌ను నడిపి, దాని రకం, పొడవు, తొలి విలువలు చూడాలి. కింద చెప్పిన వాటిలో దాదాపు సగం సమస్యలు ఆ ఒక్క వరుసతోనే బయటపడతాయి.

రెండు సంఖ్యలు సమానమే, ఆర్ మాత్రం కాదంటోంది

0.1 + 0.2 == 0.3 అని అడిగితే (== అంటే సమానమా అని) ఫాల్స్, అంటే కాదు అని వస్తుంది. 2 వర్గమూలాన్ని వర్గం చేసి 2తో పోల్చినా అదే జవాబు. దశాంశ పద్ధతిలో మూడింట ఒక వంతును ఎన్ని అంకెలు రాసినా పూర్తి చేయలేనట్టే, ద్విసంఖ్యా పద్ధతిలో పదింట ఒక వంతు ఎక్కడా ముగియదు. యంత్రం దానిని 53 బిట్ల దగ్గర కత్తిరించి దాచుకుంటుంది. ఆర్ మామూలుగా 7 సార్థక అంకెలే ముద్రిస్తుంది కాబట్టి రెండు వైపులా 0.3 అనే కనిపిస్తుంది. ప్రింట్ ఫంక్షన్‌కు 17 అంకెలు కావాలని చెబితే ఒకటి 0.30000000000000004 అనీ, మరొకటి 0.29999999999999999 అనీ తేలుతుంది. దశాంశ సంఖ్యలను దాచడానికి ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణంలోని 64 బిట్ల ద్విసంఖ్యా రూపాన్ని వాడే ప్రతి భాషలోనూ ఇది ఇంతే.

సరిచేయడానికి ఆల్.ఈక్వల్ ఫంక్షన్ ఉంది. అది సుమారు 0.000000015 వరకు ఉండే సాపేక్ష తేడాను పట్టించుకోదు. అయితే విలువలు వేరైనప్పుడు అది ఫాల్స్ అనకుండా తేడాను వర్ణించే వాక్యాన్ని తిరిగి ఇస్తుంది గనుక, ఇఫ్ షరతులో వాడేటప్పుడు దానిని ఈజ్‌ట్రూ ఫంక్షన్‌లో పెట్టడం తప్పనిసరి. ఈ సమస్య అసలు నష్టం చేసేది డేటాను వడకట్టేటప్పుడు. సున్నా నుంచి ఒకటి దాకా 0.1 చొప్పున సీక్ ఫంక్షన్‌తో తయారు చేసిన వరుసలో 0.3కు సమానమైనవి కావాలంటే ఒక్కటీ దొరకదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, ఆ విలువ ఫలితంలో ఉండదు, అంతే. పోలికకు ముందు ఒక దశాంశ స్థానానికి రౌండ్ చేయడం, లేదా మొదటి నుంచీ కొలతలను చిన్న ప్రమాణంలో పూర్ణాంకాలుగా ఉంచుకోవడం మంచిది.

రౌండ్ ఫంక్షన్ మీద వచ్చే ఫిర్యాదు కూడా దీనికి దగ్గరిదే. 0.5ను రౌండ్ చేస్తే 0, 1.5ను చేస్తే 2, 2.5ను చేసినా 2 వస్తుంది. సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు వెళ్లాలన్నది ఆర్ పాటించే నియమం. ఎప్పుడూ పైకే వెళితే మొత్తాలు ఒక వైపుకు ఒరిగిపోతాయి. బడిలో నేర్చుకున్న పద్ధతే కావాలనుకుంటే, ధన సంఖ్యలకు 0.5 కలిపి ఫ్లోర్ ఫంక్షన్ వాడవచ్చు.

నా సంఖ్యలు 1, 2, 3గా మారిపోయాయి

వరుసలో 10, 20, 5, 10 ఉన్నాయి. సంఖ్యలుగా మార్చే యాజ్.న్యూమరిక్ వాడితే 1, 2, 3, 1 వచ్చాయి. ఆ వరుస సంఖ్యల వరుస కాదు, ఫ్యాక్టర్. ఫ్యాక్టర్ ప్రతి విలువకూ ఒక లెవెల్ (వేర్వేరు విలువల జాబితాలోని పేరు) క్రమసంఖ్యను దాచుకుని, ముద్రించేటప్పుడు మాత్రం పేరును చూపిస్తుంది. ఇక్కడ లెవెళ్లు అక్షరాల క్రమంలో 10, 20, 5 కాబట్టి ఆ క్రమసంఖ్యలే బయటికి వచ్చాయి. ముందు యాజ్.క్యారెక్టర్ చేసి, దాని మీద యాజ్.న్యూమరిక్ చేస్తే సరిపోతుంది. అసలు విలువలు కూడా 1 నుంచి 5 దాకా ఉండే రేటింగుల వంటివైతే ఈ పొరపాటు నెలల తరబడి ఎవరికీ అనుమానం రాకుండా సాగిపోగలదు.

ఫైలు చదివాక డేటా మారిపోయింది

కామాలతో విడదీసిన ఫైళ్లను చదివే రీడ్.సీఎస్‌వీ ప్రతి నిలువు వరుసనూ చూసి దాని రకాన్ని తానే ఊహిస్తుంది. 007 వంటి గుర్తింపు సంఖ్య 7 అవుతుంది. అన్ని గడుల్లోనూ టీ, ఎఫ్ అక్షరాలు మాత్రమే ఉంటే అది తార్కిక వరుస అవుతుంది. దేశాల రెండక్షరాల కోడ్లున్న ఫైలులో నమీబియా మాయమైపోతుంది. ఎందుకంటే ఆ దేశపు కోడ్, ఆర్‌లో లోపించిన విలువను సూచించే ఎన్ఏ గుర్తు, అక్షరం పొల్లు పోకుండా ఒకటే. సంఖ్యల మధ్య కామా ఉన్న గడి ఒక్కటి తగిలినా వరుస మొత్తం అక్షరాల వరుసగా మారిపోతుంది. ఆ తర్వాత 10 కన్నా 9 పెద్దదా అని అడిగితే అవునంటుంది, అక్షరాల పోలిక మొదటి అక్షరంతోనే తేలిపోతుంది కాబట్టి. అక్కడ అది సంఖ్యల పోలిక కానే కాదు.

చదివేటప్పుడే కోల్‌క్లాసెస్ ద్వారా ఒక్కో నిలువు వరుస రకాన్ని చెప్పడం దీనికి స్థిరమైన పరిష్కారం. నమీబియా కోసం ఎన్ఏ.స్ట్రింగ్స్‌కు ఖాళీ స్ట్రింగును ఇవ్వాలి. ఏ గడి వల్ల వరుస చెడిందో తెలియకపోతే, దానిని సంఖ్యగా మార్చి, మార్చాక ఎన్ఏ అయినవీ మార్చక ముందు కానివీ వడకట్టి చూస్తే దోషి గడులు నేరుగా కనిపిస్తాయి. మార్పిడి సమయంలో వచ్చే హెచ్చరికను అణచివేయడం కన్నా అది ఎన్ని గడుల గురించి చెబుతోందో లెక్కపెట్టుకోవడం ఉత్తమం.

వడకట్టాక ఖాళీ వరుసలు వచ్చాయి, సగటు ఎన్ఏ అంది

ఎన్ఏ అంటే సున్నా కాదు, ఖాళీ కూడా కాదు. విలువ ఉంది గాని మనకు తెలియదు అని. వయసు తెలియని మనిషి ముప్పై దాటాడా అంటే తెలియదనే చెప్పాలి. తెలియని రెండు వయసులు సమానమా అన్నా అదే జవాబు. అందుకే ఎన్ఏ == ఎన్ఏ అన్న ప్రశ్నకు ట్రూ గాని ఫాల్స్ గాని కాకుండా ఎన్ఏ వస్తుంది. చదరపు కుండలీకరణాల్లో షరతు పెట్టి వడకట్టినప్పుడు, షరతు ఎన్ఏ అయిన ప్రతి చోటా ఆర్ అన్ని గడులూ ఎన్ఏలైన ఒక వరుసను చేరుస్తుంది. తర్వాత వరుసలు లెక్కపెడితే మొత్తం పెరిగి కనిపిస్తుంది. షరతును విచ్ ఫంక్షన్‌లో ఉంచినా, సబ్‌సెట్ వాడినా ఈ వరుసలు రావు. లోపించిన వాటిని వెతకడానికి పోలిక గుర్తు పనికిరాదు, ఈజ్.ఎన్ఏ వాడాలి. సగటు దగ్గర లోపించినవాటిని వదిలేయమనే ఎన్ఏ.ఆర్ఎమ్‌ను ట్రూ చేస్తే సంఖ్య వస్తుంది. ఎన్ని విలువలు పోయాయో చూడకుండా అది చేయడం నాకు నచ్చని అలవాటు. సగం విలువలు లేని వరుసకు కూడా అది అంతే నిబ్బరంగా సగటు చెబుతుంది.

రెండు విలువలతో వెతికితే సగమే దొరికాయి

రంగు అనే నిలువు వరుసలో ఎరుపు, నీలం రెండూ కావాలని, ఆ వరుసను రెండు పదాల వెక్టరుతో (ఒకే రకం విలువల వరుసతో) == ద్వారా పోల్చారనుకుందాం. ఆర్ పొట్టి వెక్టరును పొడుగు వెక్టరు పక్కన మళ్లీ మళ్లీ పరిచి, మొదటి గడిని ఎరుపుతో, రెండో గడిని నీలంతో, మూడో గడిని తిరిగి ఎరుపుతో పోలుస్తుంది. బేసి స్థానంలో ఉన్న నీలం, సరి స్థానంలో ఉన్న ఎరుపు వదిలిపోతాయి. పొడుగు వెక్టరు పొడవు పొట్టిదానికి గుణిజం కాకపోతేనే హెచ్చరిక వస్తుంది. వంద గడులు, రెండు పదాలు అయితే ఏ చప్పుడూ ఉండదు. దీనికి రీసైక్లింగ్ అని పేరు. వరుస మొత్తాన్ని ఒకే సంఖ్యతో గుణించగలగడం దీని చలవే గనుక దీన్ని లోపమనలేము, కాని ఇంత ఉదారంగా ఉండవలసింది కాదన్నది నా అభిప్రాయం. ఇక్కడ వాడవలసింది, ప్రతి గడీ ఆ జాబితాలో ఉందా అని చూసే %ఇన్% గుర్తు.

చాలాసార్లు పనిచేసే కోడ్ అప్పుడప్పుడు తప్పుతోంది

ఇటువంటప్పుడు పొడవు సున్నా గాని ఒకటి గాని అయిన సందర్భాన్ని అనుమానించాలి. శాంపిల్ ఫంక్షన్‌కు 4, 7, 10 ఇస్తే వాటిని కలగాపులగం చేస్తుంది. వడకట్టగా వడకట్టగా 10 ఒక్కటే మిగిలితే, 1 నుంచి 10 దాకా ఉన్న సంఖ్యలను కలగాపులగం చేసి ఇస్తుంది. సహాయ పుటలో ఇది రాసే ఉంది. స్థానాలను శాంపిల్.ఇంట్‌తో ఎంచుకుని, ఆ స్థానాలతో వెక్టరును తీసుకుంటే ఈ చిక్కు ఉండదు. అలాగే ఒకటి నుంచి పొడవు దాకా అని రాసిన లూప్, వెక్టరు ఖాళీ అయినప్పుడు ఒక్కసారీ తిరగకుండా ఉండవలసింది పోయి 1, 0 అని రెండుసార్లు తిరుగుతుంది. దాని స్థానంలో సీక్_ఎలాంగ్ రాయాలి. మాత్రిక నుంచి ఒకే నిలువు వరుసను తీస్తే అది వెక్టరుగా కుదించుకుపోతుంది, డ్రాప్‌ను ఫాల్స్ చేస్తే మాత్రికగానే ఉంటుంది. 1:ఎన్-1 అని రాస్తే కోలన్ ముందు పనిచేసి, ఎన్ విలువ 5 అయినప్పుడు 0 నుంచి 4 దాకా వస్తుంది, కుండలీకరణం పెట్టాలి.

వేరే సాఫ్ట్‌వేర్ వేరే జవాబు ఇస్తోంది

1, 2, 3, 4 అనే నాలుగు విలువలకు మొదటి క్వార్టైల్ (కింది పావు వంతు విలువలను వేరుచేసే హద్దు) ఆర్‌లో 1.75, ఎస్‌పీఎస్ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ వాడే పద్ధతిలో 1.25. రెండూ సరైనవే. క్వాంటైల్ ఫంక్షన్‌లో తొమ్మిది పద్ధతులున్నాయి, ఏమీ చెప్పకపోతే ఏడోది అమలవుతుంది. టైప్‌ను 6 చేస్తే 1.25 వస్తుంది.

అనోవా (సమూహాల సగటుల మధ్య తేడాలను పరీక్షించే విశ్లేషణ) పట్టికల తేడా ఇంతకన్నా లోతైనది. ఆర్‌లోని అనోవా ఫంక్షన్ చలరాశులను ఫార్ములాలో రాసిన క్రమంలో ఒకదాని తర్వాత ఒకటిగా చేర్చుతూ వర్గాల మొత్తాన్ని (సమ్ ఆఫ్ స్క్వేర్స్) పంచుతుంది. సమూహాల పరిమాణాలు సమానంగా లేనప్పుడు క్రమం మార్చితే పీ విలువలూ మారతాయి. ఎస్‌పీఎస్ఎస్ ఏమీ చెప్పకపోతే ఒక్కో చలరాశినీ మిగతావన్నీ ఉన్నాక చివర చేర్చినట్టు లెక్కించే మూడో రకం మొత్తాలను ఇస్తుంది. వాటితో సరిపోల్చాలంటే కార్ ప్యాకేజీలోని, పెద్ద ఏ అక్షరంతో మొదలయ్యే అనోవా ఫంక్షన్‌ను టైప్ 3గా పెట్టి వాడుతూ, కాంట్రాస్టులను (సమూహాలను సంఖ్యలుగా రాసే పద్ధతిని) మొత్తం సున్నా అయ్యే రకానికి మార్చాలి. ఈ రెండో భాగం మరిచిపోతే అంకెలు అప్పటికీ కలవవు.

ఫార్ములాలో ఎక్స్^2 అని రాసినా రేఖ వంగడం లేదంటే, అక్కడ ఆ గుర్తుకు ఘాతం అన్న అర్థం లేదు, చలరాశుల పరస్పర చర్యలు అన్న అర్థం ఉంది. ఎక్స్ ఒక్కటే ఉన్నప్పుడు అది తిరిగి ఎక్స్‌గానే మిగులుతుంది. దానిని ఐ ఫంక్షన్‌లో ఉంచాలి. మోడల్‌లో ఒక గుణకం ఎన్ఏగా వస్తే, ఆ చలరాశిని మిగతావాటి నుంచి పూర్తిగా రాబట్టవచ్చని అర్థం.

నిన్న పనిచేసింది, లేదా మరో కంప్యూటర్‌లో పనిచేస్తోంది

ముందు వెర్షన్లు పోల్చి చూడాలి. 2019లో వచ్చిన 3.6.0 నుంచి శాంపిల్ ఫంక్షన్ యాదృచ్ఛికంగా ఎంచే పద్ధతి మారింది. యాదృచ్ఛిక సంఖ్యల ఆరంభాన్ని నిర్ణయించే సెట్.సీడ్ ఒకటే అయినా పాత ఫలితాలు రావు. తప్పనిసరైతే ఆర్ఎన్‌జీకైండ్‌లో శాంపిల్.కైండ్‌ను రౌండింగ్‌కు మార్చుకోవచ్చు. 2020 ఏప్రిల్‌లో వచ్చిన 4.0.0 నుంచి అక్షరాల వరుసలు వాటంతట అవే ఫ్యాక్టర్లు కావు. 2022 నాటి 4.2.0 నుంచి ఇఫ్ షరతు పొడవు ఒకటి కన్నా ఎక్కువైతే హెచ్చరికతో పోనివ్వకుండా ఎర్రర్ ఇస్తుంది. ఇది చాలా పాత కోడ్‌ను ఆపేసింది గాని, ఆపిన ప్రతి చోటా దోషం ముందు నుంచీ ఉన్నదే.

వెర్షన్లు ఒకటే అయితే పేర్ల గొడవను చూడాలి. డీప్లైయర్ ప్యాకేజీని లోడ్ చేశాక ఫిల్టర్ అన్న పేరు దానిదవుతుంది, లోడ్ చేయకపోతే స్టాట్స్ ప్యాకేజీలోని కాలశ్రేణి ఫంక్షన్ పిలుపందుకుంటుంది. ప్యాకేజీ పేరు, రెండు కోలన్లు, ఆపై ఫంక్షన్ పేరు రాస్తే సందేహం ఉండదు. టీ అన్న ఒక్క అక్షరాన్ని ట్రూకు బదులు వాడడం కూడా ప్రమాదమే, ఎందుకంటే అది మామూలు చలరాశి, ఎవరైనా దానికి వేరే విలువ ఇవ్వవచ్చు. గత సెషన్ నుంచి తిరిగి వచ్చిన వస్తువులు కూడా కోడ్‌లోని లోపాన్ని కప్పిపెట్టగలవు. వెనిలా ఐచ్ఛికంతో ఖాళీ సెషన్ తెరిచి మొత్తం కోడ్‌ను మొదటి నుంచి నడిపితే సగం రహస్యాలు అక్కడే వీడిపోతాయి. అక్షర క్రమంలో పేర్చడం లొకేల్ (కంప్యూటర్‌లోని భాష, ప్రాంతాల అమరిక) మీద ఆధారపడుతుంది గనుక, సార్ట్ ఫలితాలు రెండు యంత్రాల్లో వేరైతే ఆశ్చర్యపడనవసరం లేదు.

ఇవేవీ కాకపోతే

మెమరీ గాని డిస్కు గాని నిండకుండానే, మామూలు ఆర్ కోడ్ నడుస్తుండగా సెషన్ మొత్తం కూలిపోతే అది నిస్సందేహంగా బగ్, ఆర్‌లోనిదో ఏదో ప్యాకేజీలోని సీ భాషా కోడ్‌లోనిదో. సహాయ పుట ఒకటి చెప్పి ఫంక్షన్ మరొకటి చేస్తే, కోడ్‌లోనో పుటలోనో తప్పున్నట్టే. అప్పుడు కోడ్‌ను సగం సగం తీసేస్తూ, లక్షణం ఇంకా కనిపించే అతి చిన్న ముక్క మిగిలే దాకా తగ్గించాలి. ఈ పని చేస్తుండగానే కారణం తెలిసిపోవడం తరచూ జరుగుతుంది. మిగిలిన డేటాను డీపుట్‌తో అతికించదగిన రూపంలోకి మార్చుకుని, తాజా వెర్షన్‌లో మళ్లీ నడిపి, వెర్షన్ల మార్పులు రాసే న్యూస్ ఫైలులో అది ఇప్పటికే సరిదిద్దబడిందేమో చూడాలి. దోషం ప్యాకేజీలో ఉంటే దాని నిర్వాహకులకూ, మూల భాషలో ఉంటే ఆర్ ప్రాజెక్టు దోషాల నమోదు సైటు బగ్‌జిల్లాకూ నివేదించాలి. నివేదికలో ఏం నడిపారో, ఏం వస్తుందనుకున్నారో, ఏం వచ్చిందో రాసి, వెర్షన్లను చూపే సెషన్‌ఇన్ఫో ముద్రించినదంతా జతచేస్తే చాలు. కారణం గురించిన ఊహ ఏదైనా ఉంటే దానిని చివర విడిగా రాయడం మంచిది, ముందే రాస్తే చదివేవారు కూడా ఆ దారిలోనే వెతకడం మొదలుపెడతారు.