చల్లటి నూడుల్స్ నేర్చుకుందాం – పాఠం 2: నువ్వుల ముద్ద బిగుసుకుందని పారేయకండి

పోయినసారి 150 గ్రాముల నూడుల్స్ ఉడికించి, చన్నీళ్లలో కడిగి, చెంచాడు నూనె పట్టించి ఫ్యాన్ కింద ఆరబెట్టడం దాకా వచ్చాం. చేసి చూశారా? చూడకపోతే ముందు ఆ పని కానివ్వండి. ఒకదానికొకటి అతుక్కుపోయిన నూడుల్స్ మీద ఎంత మంచి సాస్ పోసినా దండగే.

ఈసారి సాస్. ఇది చైనాలోని సిచువాన్ వంట, అక్కడ దీన్ని లియాంగ్‌మియన్ అంటారు, అంటే చల్లటి నూడుల్స్ అనే. పేరు కొత్తగా ఉందని టెన్షన్ పడకండి, మిర్చి కా సాలన్ చేసిన చేతికి ఇందులో సగం పని వచ్చినట్టే, అదే నువ్వులు, అదే పల్లీలు.

తెల్ల నువ్వులు 3 టేబుల్ స్పూన్లు తీసుకోండి, పొట్టు తీసినవే. పొట్టు ఉన్న గోధుమరంగువి వాడితే చేదు వస్తుంది. పల్లీలు 2 టేబుల్ స్పూన్లు. రెండూ విడివిడిగా, సన్నని సెగ మీద వేయించాలి. నువ్వుల దగ్గర మాత్రం ఫోన్ పక్కన పెట్టి నిలబడండి, చిటపటమని మొదలయ్యాక ఉస్మానియా బిస్కెట్ రంగు రాగానే దించి పళ్లెంలో పోసేయాలి, మూకుడులోనే వదిలేస్తే ఆ వేడికే మాడతాయి. పూర్తిగా చల్లారాక, పల్లీల పొట్టు ఊదేసి, రెండూ కలిపి మిక్సీలో పట్టండి. ముందు పొడి అవుతుంది, తర్వాత జార్ గోడలకు అంటుకుంటుంది. గీకి, 2 చెంచాల నూనె పోసి మళ్లీ తిప్పితే మెత్తటి ముద్ద వస్తుంది.

అసలు పాఠం ఇక్కడుంది. గిన్నెలోకి తీసి ఒక చెంచా వేడినీళ్లు పోసి కలపండి. ముద్ద పలచబడాలి కదా, కానీ సిమెంటులా బిగుసుకుంటుంది, చెంచా కూడా తిరగదు. నేను మొదటిసారి చేసినప్పుడు చెడిపోయిందనుకుని సింకులో పోయబోతుంటే అత్తమ్మ చూసి, "గట్లెందుకు పారేస్తవ్, ఇంకిన్ని నీళ్లు పొయ్యి" అంది. పోశాను. నాలుగో చెంచాకు ముద్ద ఒక్కసారిగా వదులై, రంగు తెల్లబడి, దోశ పిండిలా జారింది. నువ్వుల ముద్దంటే నూనెలో తేలే సన్నని పొడే, కొంచెం నీళ్లు తగలగానే ఆ పొడి తడిసి ఒకదాన్నొకటి పట్టుకుంటుంది, ఇంకా పోస్తే నూనె చిన్న చిన్న బొట్లుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది. కాబట్టి చెంచా చెంచాగా పోస్తూ, కలుపుతూనే ఉండాలి.

ఇప్పుడు సోయాసాస్ 2 టేబుల్ స్పూన్లు, పంచదార చెంచాన్నర, మెత్తగా నూరిన వెల్లుల్లి 2 రెబ్బలు. పులుపుకు అక్కడ నల్ల వెనిగర్ వేస్తారు. అది దొరక్కపోతే మామూలు తెల్ల వెనిగర్ 2 చెంచాలు చాలు, అది ఘాటెక్కువ. చింతపండు జోలికి మాత్రం పోకండి, పోతే సాలన్‌లో సేమియా కలిపినట్టుంటుంది (చేసి చూశాకే చెబుతున్నా). కారానికి చెంచాడు గుంటూరు మిరపపొడి మీద వేడినూనె పోసి, చల్లారాక కలపండి. నూనె పొగలు కక్కేటప్పుడు పోస్తే పొడి నల్లబడుతుంది, ఒక నిమిషం ఆగండి. ఆ నూనెలోనే సిచువాన్ మిరియాలు వేసి నాలుక తిమ్మిరెక్కించే సంగతి పాఠం 3లో.

రుచి చూసేటప్పుడు ఉప్పూ పులుపూ కాస్త ఎక్కువైందనిపించాలి, చల్లటి నూడుల్స్‌లో కలిపాక రుచి తగ్గుతుంది. వడ్డించే ముందే కలపండి, గంట ముందు కలిపితే నూడుల్స్ సాసంతా పీల్చేసి ఎండిపోతాయి. పైన సన్నగా తరిగిన కీరా.

ఈ వారం నూడుల్స్ లేకుండా సాస్ ఒక్కటే రెండుసార్లు చేయండి. మిగిలింది ఇడ్లీలోకి బాగుంటుంది, మా ఇంట్లో దానికోసమే చేయమంటున్నారు.