బిడ్డను పోగొట్టుకున్న తల్లి కథతో 32 పేజీల క్రైమ్ మాంగా ఎలా తయారు చేయాలి?

ఒక్క సంచికలో పూర్తయ్యే మాంగా (జపనీస్ కామిక్) కథను జపాన్‌లో యోమికిరి అంటారు. మొదటిసారి గీసేవాళ్లకు 32 పేజీలు సరిపోతాయి. అంత చిన్న చోట అనుమానితులు ఐదుగురు, ఇన్‌స్పెక్టర్, ఫ్లాష్‌బ్యాక్ అన్నీ ఇరికిస్తే తల్లికి చోటుండదు. ఇద్దరు చాలు: తల్లి, ఆమె ఎదురుగా కూర్చున్న మనిషి.

1. తల్లికి ఒక అలవాటు ఇవ్వండి

ఏడుపు రెండు ప్యానెళ్లు (పేజీలోని బొమ్మల గడులు) దాటితే పాఠకుడి కళ్లు కిందికి జారిపోతాయి. బిడ్డ పోయాక ఆమె ఏం చేస్తూ బతుకుతోందో చూపించండి. ఒక ఉదాహరణ అల్లుకుందాం. 1994 మార్చి 14న కూతురు హత్యకు గురైంది. ఇంట్లో బుత్సుదాన్ ఉంది. చనిపోయినవాళ్లను తలచుకునే చెక్క మందిరం అది. ఏటా ఆ రోజున దాని ముందు అగరుబత్తి వెలిగించడానికి వచ్చినవాళ్ల పేర్లు తల్లి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. కూతుర్ని ఎవరెవరు మర్చిపోతున్నారో ఆమెకు తెలియాలి, అంతే. చివర్లో హంతకుణ్ని పట్టించేది ఈ నోట్‌బుక్కే కావాలి. దుఃఖం ఒక చోట, పరిశోధన ఇంకో చోట నడిస్తే కథ రెండు ముక్కలవుతుంది.

2. చట్టంలోంచి చిక్కుముడి తీయండి

నాకు బాగా ఇష్టమైన పని ఇదే. జపాన్‌లో హత్య కేసుకు ఒకప్పుడు 15 ఏళ్ల కాలపరిమితి ఉండేది, అంటే ఆ గడువు దాటితే హంతకుడి మీద కేసు నడపలేరు. 2005 నుంచి దాన్ని 25 ఏళ్లు చేశారు కానీ, అంతకుముందు జరిగిన నేరాలకు పాత లెక్కే. 2010 ఏప్రిల్ 27న హత్యకు కాలపరిమితి మొత్తంగా ఎత్తేశారు. ఆ రోజుకి గడువు తీరని పాత కేసులు కూడా బతికాయి. అప్పటికే తీరిపోయినవి పోయినట్టే.

మన కథలో గడువు 2009 మార్చిలో అయిపోయినట్టే కనిపిస్తుంది. కథ నడిచేది 2012లో. ఏటా అగరుబత్తి వెలిగించడానికి వచ్చే పాత పొరుగింటాయన, ఇక తననెవరూ ఏమీ చేయలేరన్న ధీమాతో, "ఆ పని చేసింది నేనే" అని తల్లికే చెప్పేస్తాడు. అంటే హంతకుడెవరో సగం కథకే తెలిసిపోతుంది. ఇక మిగిలిన టెన్షన్ ఒక్కటే: వీడు నిజంగా తప్పించుకున్నాడా?

జపాన్ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 255వ ఆర్టికల్ ప్రకారం నేరస్థుడు విదేశాల్లో ఉన్న రోజులు గడువు లెక్కలోకి రావు. నోట్‌బుక్‌లో 1999, 2000 సంవత్సరాల దగ్గర అతని పేరు లేదు. 1999 జనవరి 20 నుంచి 2000 మార్చి చివరి దాకా అతను ఉద్యోగం మీద విదేశంలో ఉన్నాడు. పద్నాలుగు నెలల పైచిలుకు కలిపితే గడువు 2010 మే దాకా సాగుతుంది. అంటే కాలపరిమితి ఎత్తేసిన 2010 ఏప్రిల్ 27 నాటికి గడువు తీరలేదు, కేసు బతికే ఉంది!

ఇక్కడ కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకుని కూర్చోండి. అతను 12 నెలలే బయట ఉంటే గడువు 2010 మార్చిలోనే ముగిసేది, కథ కూలిపోయేది. నోట్‌బుక్ ఒక్కటే కోర్టులో నిలబడదు కూడా; పోలీసులు ఇమిగ్రేషన్ రికార్డులు తీయడానికి అది దారి చూపిస్తే చాలు.

3. ఆధారాన్ని కళ్లెదుటే దాచండి

అతను విదేశం వెళ్లొచ్చిన విషయం ముందే పాఠకుడి కంట పడాలి. నాలుగో పేజీలో బుత్సుదాన్ పక్కన ఒక విదేశీ బొమ్మ పెట్టండి. "ఆ పొరుగింటాయన తెచ్చిందే, పాపకిష్టమని" అని తల్లి మామూలుగా అనేయాలి. ఆ ప్యానెల్ పెద్దగా గీశారో, పాఠకుడు పసిగట్టేస్తాడు.

4. నేము గీయండి

పెన్సిల్‌తో వేసే చిత్తు పేజీలను మాంగా గీసేవాళ్లు నేము అంటారు. కథ బాగోగులు ఇక్కడే తేలిపోతాయి కాబట్టి దీన్ని మూడు నాలుగుసార్లు తిరగరాయడానికి బద్ధకించకండి. ఎనిమిదో పేజీ దాకా తల్లి, ఇల్లు, నోట్‌బుక్. పదహారు దాకా వచ్చినాయనతో మాటలు. అతను నేరం ఒప్పుకునేది పద్దెనిమిదో పేజీలో.

పద్దెనిమిదే ఎందుకంటే, పాఠకుడు పేజీ తిప్పాక కనిపించేది సరిసంఖ్య పేజీ. పదిహేడో పేజీ చివరి ప్యానెల్‌లో టీ కప్పు కింద పెడుతున్న చేయి చూపించి ఆపండి. తిప్పగానే అతని ముఖం. నోట్‌బుక్‌లో ఆ రెండేళ్లూ అతని పేరు లేదని తల్లి గమనించే క్షణాన్ని కూడా ఇలాగే ఇరవై ఆరో పేజీకి తోయండి. ఫోన్ తెర మీద ఒక్కో పేజీ చూసేవాళ్లకైనా ఈ ఆగడం పనికొస్తుంది.

5. తెలుగు అక్షరాలకు చోటు వదలండి

జపనీస్ మాటలు పైనుంచి కిందికి రాస్తారు, అందుకే వాళ్ల మాటల బుడగలు సన్నగా పొడుగ్గా ఉంటాయి. వాటిలో "ఒప్పుకోలేకపోయాను" అని ఇరికించి చూడండి, నవ్వొస్తుంది. బుడగలు అడ్డంగా వెడల్పుగా గీయండి, ఒత్తుల కోసం వరుసల మధ్య ఖాళీ ఉంచండి. పేజీ నడక కూడా ఎడమ నుంచి కుడికే పెట్టుకోండి. సరిసంఖ్య లెక్క మారదు.

6. ఇంకు, టోన్

పత్రికలకు గీసే జపనీస్ ఆర్టిస్టులు బీ4 కాగితం మీద 180 × 270 మిల్లీమీటర్ల చట్రంలో గీస్తారు. మీకు ఏ4 చాలు, క్లిప్ స్టూడియో పెయింట్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటే అదీ వద్దు. స్క్రీన్‌టోన్ (చుక్కలతో బూడిద నీడలు తెచ్చే పద్ధతి) గతానికి మాత్రమే వాడండి. ఇప్పటి గదిని నలుపు తెలుపుల్లోనే ఉంచండి.

7. చివరి పేజీ

అరెస్టు దృశ్యం వద్దు. జపాన్‌లో 2008 డిసెంబర్ నుంచి బాధితుల కుటుంబసభ్యులు విచారణలో పాల్గొని, కోర్టు అనుమతితో నిందితుణ్ని ప్రశ్నించవచ్చు. ముప్పై ఒకటో పేజీలో కోర్టు గదిలో తల్లి నోట్‌బుక్ తెరుస్తుంది. ముప్పై రెండులో ఒకే ప్యానెల్, ఒకే బుడగ: "ఆ రెండేళ్లూ మా అమ్మాయి దగ్గరికి ఎందుకు రాలేదండీ?"