స్కోర్లతో పిల్లలకు రౌండింగ్ నేర్పడం ఎలా

రౌండింగ్ అంటే ఒక సంఖ్యను దానికి దగ్గరి పదికో వందకో మార్చడం. ఆ మాట అనగానే మనం ముందు రూల్ చెప్పేస్తాం. ఐదు కన్నా తక్కువైతే కిందికి, ఐదు గానీ అంతకు మించి గానీ ఉంటే పైకి. పిల్లలు దాన్ని బట్టీ పట్టి నాలుగు లెక్కలు కరెక్టుగానే చేస్తారు, కానీ వారం తిరిగేసరికి 43ని 30 చేసి చూపిస్తారు, ఎందుకంటే "కిందికి" అన్నారు కదా అని పదుల స్థానంలో అంకెను ఒకటి తగ్గించేస్తారు. ఇందులో పిల్లల తప్పేం లేదు. 43కి ఏ పది దగ్గర అన్నది వాళ్లు కళ్లతో చూడలేదు, అంతే. ఆట అయితే అది చూపిస్తుంది.

నేల మీద సుద్దముక్కతో పొడవాటి గీత గీయండి. ఒక చివర 40, ఇంకో చివర 50, మధ్యలో సమాన దూరాల్లో తొమ్మిది చిన్న గీతలు, 45 గీత మాత్రం వేరే రంగులో. రెండు చివర్లూ క్రీజులు. పిల్లను 43 మీద నిలబెట్టి, బంతి వచ్చేస్తోంది, రనౌట్ కాకుండా ఏ క్రీజులోకి పరిగెడతావు అని అడగండి. 50 వైపు ఎవరూ పరిగెత్తరు. 41, 44, 47, 49 కూడా అయ్యాక రూల్ ఏంటో వాళ్లనే చెప్పమనండి, మీరు తొందరపడి చెప్పొద్దు. 45 దగ్గర మాత్రం కచ్చితంగా గొడవ పడతారు, పడనివ్వండి, రెండు వైపులా దూరం ఒకటే మరి. అప్పుడు నిజం చెప్పేయండి: సరిగ్గా మధ్యలో ఉంటే పెద్ద సంఖ్య వైపు వెళ్లాలని బడి లెక్కల్లో పెట్టుకున్న ఒప్పందం ఇది.

గీత మీద చేయి తిరిగాక అసలు స్కోర్లకు రండి. 2014లో శ్రీలంక మీద రోహిత్ శర్మ వన్డేలో కొట్టిన 264 తీసుకోండి. దగ్గరి పదికి 260, దగ్గరి వందకి 300. ఒకే స్కోరుకి రెండు జవాబులా అని పిల్లలు కంగారు పడతారు కాబట్టి ప్రతిసారీ "దేనికి దగ్గర?" అని ముందు అడగడం అలవాటు చేయండి.

ఇంకో చిక్కు ఉంది. 248ని దగ్గరి వందకి మార్చమంటే కొందరు ముందు 250 చేసి, దాన్ని మళ్లీ 300 చేస్తారు. ఇక్కడ మాటలతో వాదించకుండా 200 నుంచి 300 దాకా కొత్త గీత గీసి, 250 దగ్గర రంగు పెట్టి, 248 ఎటు పక్కన ఉందో వేలు పెట్టి చూపించమనండి. 200 వైపే ఉందని వాళ్లకే కనిపిస్తుంది. రౌండ్ చేసేది అసలు సంఖ్యనే, ఒక్కసారే.

ఇదంతా ఎందుకు అని అడిగితే, ముగ్గురు బ్యాటర్లు 48, 31, 67 కొట్టారు, మొత్తం ఎంతో టక్కున చెప్పు అనండి. 50, 30, 70 కలిపితే 150. అసలు మొత్తం 146. కాగితం లేకుండా అంత దగ్గరగా రావడం పిల్లలకు భలే నచ్చుతుంది.

దశాంశాలకు పరుగు పందేలు, జావెలిన్ మంచివి. ఉసేన్ బోల్ట్ 2009లో 100 మీటర్లు పరిగెత్తిన 9.58 సెకన్లు ఒక దశాంశానికి 9.6. నీరజ్ చోప్రా 2022లో విసిరిన 89.94 మీటర్లు దగ్గరి మీటరుకి 90, కానీ అతను నిజంగా 90 దాటింది 2025లో దోహాలో, 90.23తో. ఎక్కడ రౌండ్ చేయకూడదో కూడా తప్పకుండా నేర్పాలి. 1984 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష టైమ్ 55.42, మూడో స్థానంలో వచ్చిన రొమేనియా అమ్మాయిది 55.41. రెండూ ఒక దశాంశానికి రౌండ్ చేయమనండి, రెండూ 55.4 అవుతాయి. మరి కంచు పతకం ఎవరికివ్వాలి అని అడిగి చూడండి, ఇక చర్చ వాళ్లే నడిపిస్తారు.

ఓవర్లను మాత్రం ఈ లెక్కల్లోకి తేవద్దు. 18.3 ఓవర్లంటే పద్దెనిమిదిన్నర ఓవర్లు, ఓవర్‌కి ఆరు బంతులే కాబట్టి. దశాంశం అనుకుని పిల్లలు దాన్ని 18 చేసేస్తారు. అది వేరే రోజు, విడిగా చెప్పాల్సిన పాఠం.