ఫ్రెంచ్ యుద్ధకాలపు సినిమాలో ఎవరు ఎవరో తికమక పడకుండా చూసే చిట్కా

2004లో వచ్చిన జాన్ పియేర్ జునే సినిమా ‘ఎ వెరీ లాంగ్ ఎంగేజ్‌మెంట్’ చూసేటప్పుడు, బురదలో ఒకే రంగు యూనిఫాంలో, అసలు పేరొకటి, మారుపేరొకటిగా కనిపించే సైనికులను గుర్తుపెట్టుకోలేక పదేపదే వెనక్కి తిప్పవలసి వస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917 జనవరిలో ఫ్రాన్స్‌లోని సోమ్ రణరంగంలో, కావాలనే చేతికి గాయం చేసుకున్నారన్న నేరంపై శిక్ష పడిన ఐదుగురు సైనికులనూ సినిమా మొదట్లోనే ఒక్కొక్కరిగా పరిచయం చేస్తారు కనుక, అక్కడ ప్రతి ఒక్కరి దగ్గరా ఆపి, ఒక చీటీ మీద మనిషికొకటి చొప్పున ఐదు వరుసలు గీసి, అసలు పేరు, మారుపేరు, వృత్తి, గాయపడిన చెయ్యి, కాళ్లకు తొడుక్కున్నది రాసుకోవాలి. బాస్తోష్ వడ్రంగి, సీ సూ వెల్డర్ అన్నట్టు పొడిపొడిగా రాస్తే చాలు. చివరి గడిని మాత్రం వదలకండి, బూట్లకు ఈ కథలో చాలా పని ఉంది. యుద్ధం ముగిశాక 1920లో కథానాయిక మతిల్డ్ ఆ ఐదుగురిలో ఒకడైన తన ప్రియుడి కోసం ఆరా తీస్తూ వెళ్లినప్పుడు, ఆమెకు దొరికిన ప్రతి సాక్ష్యాన్నీ సంబంధిత వరుస పక్కన చేర్చుకుంటూ పోవచ్చు.

అయితే ఖాళీ గడులను నింపడానికి ఇంటర్నెట్‌లో పాత్రల జాబితా వెతికితే, ఎవరు బతికారో ముందే తెలిసిపోయి చీటీ వృథా అవుతుంది.