వేరే గ్రహం నుంచి దిగిన తోడుదొంగలు: సూపర్‌హీరో కామిక్స్‌కి జంట విలన్లను తయారుచేసుకోవడం ఎలా

నా మొదటి గ్రహాంతర జంటని మా మేనల్లుడు ఒక్క ప్రశ్నతో చంపేశాడు. పద్నాలుగో పేజీ మీద వేలు పెట్టి, "మామయ్యా, వీడు ఇక్కడుంటే ఆవిడకి అక్కడ ఊపిరెలా ఆడుతోంది?" అన్నాడు.

నా విలన్లు గోర్వ, ఇల్యా. గోర్వ పొట్టి, బండరాయి లాంటి మనిషి. అంటే మనిషి కాదనుకోండి. వాడిది చీకటి గ్రహం. మన ఎండలో వాడికి ఏమీ కనపడదు. ఇల్యా వెదురుబొంగులా పొడుగ్గా ఉంటుంది, చూపు పదును. కానీ మన గాలి ఆవిడకి సరిపడదు. గోర్వ వీపు మీది మొప్పల్లోంచి వచ్చే ఆవిరే ఆవిడకి ఊపిరి. అందుకని పది అడుగులు దాటి ఇద్దరూ విడిపోకూడదు. ఈ నియమం మూడో పేజీలో నేనే రాశాను. పద్నాలుగో పేజీకొచ్చేసరికి వాణ్ణి డ్యామ్ దగ్గరా, ఆవిణ్ణి ఊరి అవతల మేడ మీదా నిలబెట్టేశాను. బొమ్మ బాగా కుదిరిందన్న సంబరంలో నియమం గుర్తులేదు.

ఆ దెబ్బ తర్వాత జంట విలన్లను కట్టే పద్ధతి మార్చుకున్నాను. ముందు ఇద్దరి మధ్య ముడి ఏమిటో ఒక చీటీ మీద రాస్తాను. పేర్లూ శక్తులూ ఆ తర్వాతే. ముడి ఉందో లేదో తెలియాలంటే ఇద్దరిలో ఒకరిని కథలోంచి పీకేసి చూడండి. మిగిలినవాడు అదే పని చేసుకుపోతుంటే పీకేసినవాడు ఉత్సవ విగ్రహం. గోర్వని పీకితే ఇల్యా చచ్చిపోతుంది, ఇల్యాని పీకితే గోర్వ గోడకి గుద్దుకుంటాడు. అది జంట.

ముడి ఒంట్లోనే ఉండాలని లేదు. మార్వెల్ కామిక్స్‌లో థానోస్ అనే విలన్ సైన్యంలో 2013లో వచ్చి చేరిన కార్వస్ గ్లేవ్, ప్రాక్సిమా మిడ్‌నైట్ భార్యాభర్తలు. కార్వస్ ఆయుధం చెక్కుచెదరనంతకాలం వాడికి చావు లేదు. ప్రాక్సిమా చేతిలో ఉన్నది ఒక నక్షత్రాన్ని బంధించి చేసిన బల్లెం. ఆ పెళ్లి తీసేస్తే మిగిలేది ఒకే తానులోని ముక్కలు, చెరో ఆయుధం పట్టుకున్న ఇద్దరు సైనికులు. పెళ్లి ఉండబట్టే ఒకరికి దెబ్బ తగిలితే పాఠకుడి కన్ను రెండోవాళ్ల మొహం మీదికి పోతుంది.

ఒక్కోసారి రెండోవాడి పని వినడమే. 1958లో డీసీ కామిక్స్‌లో సూపర్‌మ్యాన్ శత్రువు బ్రెయినియాక్ మొదటిసారి వచ్చినప్పుడు వాడి వెంట కోకో అని కోతిలాంటి చిన్న జంతువు ఉండేది. నగరాలను కుదించి సీసాల్లో పెట్టుకునేవాడికి ఆ పెంపుడు జంతువు ఎందుకని నవ్వుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వు రావట్లేదు. విలన్ తన పథకం ఎవరితో చెప్పాలి మరి? తనలో తనే గొణుక్కుంటే పేజీ నిండా ఆలోచనల బెలూన్లే, అంటే మాటలు రాసే బుడగలే. పక్కన ఒక ప్రాణి ఉంటే అదే మాట సంభాషణ అయిపోతుంది.

ఇక బొమ్మ. ఇద్దరినీ నల్ల ఇంకుతో పూర్తిగా నింపేసి, బొటనవేలి గోరంత సైజుకి కుదించి చూడండి. ఎవరు ఎవరో అప్పటికీ తెలియాలి. నా పాత జంట ఒకటి ఇక్కడే బోల్తా కొట్టింది: ఇద్దరికీ కొమ్ములు, ఇద్దరికీ కేప్. కొట్లాట పేజీలో ఎవరు తన్నులు తింటున్నారో గీసిన నాకే అర్థం కాలేదు. రంగుల సంగతి తొందరగా తేల్చేయొచ్చు. హీరోలకి ఎరుపు, నీలం, పసుపు, విలన్లకి ఆకుపచ్చ, ఊదా ఇవ్వడం కామిక్స్‌లో పాత అలవాటు. జంటకైతే ఆ రెండూ చెరొకటి పంచి, ఒకరి రంగు రెండోవారి ఒంటి మీద చిన్న మరకలా పెట్టండి. గోర్వ ఊదా, ఇల్యా ఆకుపచ్చ, ఆవిడ మెడ చుట్టూ మాత్రం ఊదా ఆవిరి.

అసలు తిప్పలు లెటరింగ్, అంటే బొమ్మల్లో మాటలు రాయడం దగ్గర మొదలవుతాయి. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి ముందు మాట్లాడేవాళ్లు ప్యానెల్‌లో, అంటే పేజీలోని ఒక్కో బొమ్మ గడిలో, ఎడమ వైపుండాలి. బొమ్మలో గోర్వ ఎడమన ఉండి, ముందు మాట ఇల్యాదైతే బెలూన్ల తోకలు ఒకదాన్నొకటి కత్తెరలా దాటుతాయి. పాఠకుడు ఒక్క క్షణం తడబడతాడు, కొట్లాట మధ్యలో ఆ క్షణం చాలు వేగం చచ్చిపోవడానికి. అందుకే పెన్సిల్ గీత పడకముందే, చిన్న చిత్తు బొమ్మల్లోనే బెలూన్లు వేసుకుంటాను. తెలుగులో ఇంకో జాగ్రత్త కావాలి: పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య చోటు ఎక్కువ పడుతుంది. "శాస్త్రజ్ఞుణ్ణి" అనే ఒక్క మాట నా బెలూన్‌ని పగలగొట్టింది. గోర్వ చేత "ఆ ముసలోణ్ణి" అనిపించాను. వాడి నోటికి అదే బాగుంది కూడా.

కానీ మన భాష ఇచ్చే వరం ఒకటుంది, వాడుకోకపోతే పాపం. ఎవరు ఎవరిని మీరు అంటున్నారు, ఎవరు నువ్వు అంటున్నారు? నా ఇద్దరిలో గోర్వ మొదటినుంచీ ఇల్యాని "మీరు" అంటాడు, ఆవిడ వాణ్ణి "నువ్వు" అంటుంది. ఎవరిది పైచేయో చెప్పడానికి వేరే వివరణ పెట్టె అక్కర్లేదు. పదకొండో పేజీలో, ఆవిడ వాణ్ణి ఎరగా వాడుకుందని తెలిశాక, వాడు వెనక్కి తిరగకుండా అంటాడు: "ఎడమకా, కుడికా? చెప్పు." ఆ ప్యానెల్‌లో ఉన్నది వాడి వీపు మాత్రమే. మొప్పలు సగం మూసుకుని ఉన్నాయి. ఇల్యా చెయ్యి ఫ్రేమ్ అంచున, తన గొంతు మీదికి పోతూ ఉంది. ఆ ఒక్క బొమ్మ ఐదుసార్లు గీశాను. మొదటి నాలుగింట్లో వాడి మొహం కూడా ఉంది, కోపంగా. మొహం తీసేశాక గానీ భయం రాలేదు.

ముడి ఎక్కడ తెగుతుందో కూడా ముందే తెలిసుండాలి. 1966లో మార్వెల్ వాళ్ల ఫెంటాస్టిక్ ఫోర్ కామిక్ 48వ సంచికలో గ్రహాలను మింగే గెలాక్టస్, వాడికంటే ముందు వచ్చి గ్రహాన్ని చూపెట్టే సిల్వర్ సర్ఫర్ దిగారు. రచయిత స్టాన్ లీ అనుకున్న కథలో సర్ఫర్ లేడు, బొమ్మలు వేస్తూ జాక్ కిర్బీ చేర్చాడు. అంత పెద్దవాడికి కబురు మోసేవాడొకడు ఉండాలన్నది ఆయన లెక్క. చివరికి కథ తిరిగింది ఆ చేర్చినవాడి మీదే. అలీసియా మాస్టర్స్ అనే చూపులేని శిల్పి మాటలతో మనసు మారి, సర్ఫర్ యజమానికే ఎదురు తిరిగాడు.

మీ హీరో కూడా జంటని విడగొట్టాలనే చూస్తాడు. పాఠకుడు అది ముందే ఊహిస్తాడు. కాబట్టి విడగొడితే పని అయిపోకూడదు, ముదరాలి. ఇల్యా ఊపిరి బిగపట్టి 40 సెకన్లు ఉండగలదు. గోర్వ పక్కనున్నప్పుడు వాడికి తగలకూడదని ఆచితూచి కొట్టే ఆవిడకి, ఆ 40 సెకన్లలో ఆచితూచాల్సిన పని లేదు. నేను ప్యానెల్ మూలల్లో అంకెలు వేసి లెక్కపెట్టాను: 40, 31, 22, 9. అంకె తగ్గేకొద్దీ ప్యానెల్ వెడల్పు కూడా తగ్గించాను. ఈ పది అడుగులూ, 40 సెకన్లూ హీరోకి తెలిసేలోపే పాఠకుడికి రెండుసార్లైనా కనపడాలి, మాటల్లో కాదు, బొమ్మలో. ఒక మెట్టు దిగేటప్పుడు వాడు ఆగి ఆవిడ కోసం చూడటం చాలు.

ఆ పద్నాలుగో పేజీ చింపలేదు. మేడ మీద ఇల్యా కాళ్ల దగ్గర ఒక చిన్న ప్యానెల్ ఇరికించాను: మూత బిగించిన సీసా, లోపల ఊదా ఆవిరి, అడుగున రెండు వేళ్ల మందమే మిగిలింది. మళ్లీ మేనల్లుడికి చూపించాను. చాలాసేపు చూసి, "అదయిపోతే?" అన్నాడు. పదిహేనో పేజీ అక్కడ మొదలుపెట్టాను.