కాటా చీటీ ఎవరికి ఎంతవరకు? (ధారావాహిక పాఠం – 3)

గత పాఠంలో ఈఆర్‌పీనెక్స్ట్ (వ్యాపార నిర్వహణ సాఫ్ట్‌వేర్)లో ‘కాటా చీటీ’ డాక్‌టైప్ (ఫారం నమూనా) తయారుచేసి, చీటీని సబ్మిట్ చేసి ఖాయం చేసే వీలుండేలా ‘ఈజ్ సబ్మిటబుల్’ టిక్ పెట్టాం. ఆ చీటీలో ఎవరు ఏం చూడొచ్చో, ఏం చేయొచ్చో ఈ పాఠంలో హద్దులు పెడదాం. లారీ నంబరు, లోడు బరువు, ఖాళీ బరువు, తేమ శాతం, బస్తా ధర, మొత్తం, యార్డు: ఇవీ అందులోని గళ్లు. మండపేటలో ఒకటి, రావులపాలెంలో ఒకటి యార్డులున్న రైస్‌మిల్లు అనుకుందాం.

ముందు మూడు రోల్స్ (ఒక్కో పనికి కావాల్సిన హక్కుల కట్టలు) సృష్టించండి: కాటా ఆపరేటర్, గుమాస్తా, యజమాని. పేర్లు పనిని బట్టే ఉండాలి. ‘సుబ్బారావు రోల్’ అని పెడితే, సుబ్బారావు మానేసిన నాడు మళ్లీ మొదటికొస్తుంది.

‘రోల్ పర్మిషన్స్ మేనేజర్’లో కాటా చీటీ ఎంచుకుని, లెవెల్ 0లో (మామూలు గళ్లన్నీ ఉండే మెట్టు) రూల్స్ చేర్చండి. ఆపరేటర్‌కి రీడ్, రైట్, క్రియేట్. గుమాస్తాకి రీడ్, రైట్, సబ్మిట్. యజమానికి ఈ నాలుగూ, పైన క్యాన్సిల్ (రద్దు), అమెండ్ (సవరణ). అమెండ్ అంటే రద్దయిన చీటీకి కొత్త ప్రతి పుట్టడమే కాబట్టి క్రియేట్ లేకపోతే అక్కడే ఆగిపోతుంది.

ధర కాటా దగ్గర కనబడకూడదు. బస్తా ధర గడికి పర్మ్ లెవెల్ 1 (విడిగా హక్కు ఇస్తేనే కనబడే మెట్టు) ఇచ్చి, గుమాస్తాకీ యజమానికీ లెవెల్ 1లో రీడ్, రైట్ ఉన్న మరో రూల్ చేర్చండి. ‘మొత్తం’ గడికీ అదే లెవెల్ ఇవ్వాలి. లేదంటే నికర బరువును 75 కిలోల బస్తాల్లోకి మార్చి, ‘మొత్తం’ని ఆ బస్తాల సంఖ్యతో భాగిస్తే ధర తేలిపోతుంది. ఈ గళ్లకు ‘మ్యాండేటరీ’ టిక్ మాత్రం వద్దు. కంటికే కనబడని గడిని నింపమని సాఫ్ట్‌వేర్ అడుగుతుంది, ఆపరేటర్ చీటీ సేవ్ కాదు. స్క్రిప్టుతో గడిని దాచేస్తే సరిపోతుందనుకోవద్దు. తెర మీద లేకపోయినా ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా డేటా తీసుకునే దారి)లో ధర వచ్చేస్తుంది.

అందరూ పడే గొయ్యి ‘ఓన్లీ ఇఫ్ క్రియేటర్’ (చీటీ తెరిచినవాడికే హక్కు అనే టిక్). దాళ్వా కోతల్లో లారీలు వరసకట్టినప్పుడు లోడు తూకం ఒక షిఫ్టులో, ఖాళీ తూకం ఇంకో షిఫ్టులో పడుతుంది. ఆ టిక్ ఉంటే పొద్దున్న కుర్రాడు తెరిచిన చీటీ రాత్రి కుర్రాడికి కనబడదు, లారీ గేటు దగ్గరే ఉండిపోతుంది. తీసేయండి.

హద్దు యార్డుకి పెట్టండి. ‘యూజర్ పర్మిషన్’లో ఆపరేటర్ పేరు, ‘అలో’ దగ్గర వేర్‌హౌస్ (గోదాముల జాబితా), విలువగా మండపేట యార్డు ఇవ్వండి. చీటీలోని యార్డు గడి వేర్‌హౌస్‌కి ‘లింక్’ (ఆ జాబితాకు ముడిపడిన) రకంగా ఉంటేనే ఇది పనిచేస్తుంది. మనమే పేర్లు రాసిపెట్టే సెలెక్ట్ రకం గడైతే సాఫ్ట్‌వేర్ పట్టించుకోదు. ఆపరేటర్ రోల్‌కి వేర్‌హౌస్ మీద కనీసం ‘సెలెక్ట్’ హక్కు ఇవ్వకపోతే గడిలో యార్డు పేర్లే రావు. యార్డు ఖాళీగా వదిలిన చీటీలు రెండు ఊళ్ల వాళ్లకూ కనబడతాయి. కాబట్టి ఈ గడి మ్యాండేటరీ చేయండి, సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘అప్లై స్ట్రిక్ట్ యూజర్ పర్మిషన్స్’ కూడా టిక్ చేయండి.

పరీక్ష అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో చేస్తే దండగ, దానికి ఏ తాళమూ అడ్డం రాదు. ప్రైవేట్ విండోలో ఆపరేటర్‌గా లాగినై మూడు చూడండి: ధర గడి రాకూడదు, సబ్మిట్ బటన్ ఉండకూడదు, రావులపాలెం చీటీ లింకు అతికిస్తే తెరుచుకోకూడదు.