ఆటలోని ఊరికి వికీలో విడిగా పేజీ పెట్టాలా? ఎలా తేల్చుకోవాలి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మన తెలుగు కుర్రాళ్లకు స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు, సాయంత్రమైతే ఫోన్లో ఆడే కాల్పుల ఆట బీజీఎమ్‌ఐ. వాళ్లలో ఎవరికైనా తెలుగు వికీపీడియాలో రాయాలని బుద్ధి పుడితే మొదట చేతికొచ్చే సరుకు ఆటే. "పోచింకికి పేజీ లేదన్నా, పెట్టేద్దామా?" అని ఆ ఆటలోని ఊరి గురించి అడుగుతారు. ఉత్సాహం మంచిదే. కానీ ముందు కొన్ని సంగతులు తేల్చుకోకపోతే, రాత్రంతా కూర్చుని రాసిన వ్యాసం మీద తెల్లారేసరికి తొలగింపు మూస (దీన్ని తీసేయాలని చెప్పే పలక) వేలాడుతుంది.

1. ఏ వికీలో రాస్తున్నారో చూసుకోండి

అభిమానులు నడుపుకునే ఆటల వికీలు వేరు, వికీపీడియా వేరు. అభిమానుల వికీలో ప్రతి గోడౌనుకూ పేజీ పెట్టుకోవచ్చు. ఎక్కడ లూట్ (ఆయుధాలు, సామాను) బాగా దొరుకుతుంది, ఏ మేడ మీద స్నైపర్ (దూరం నుంచి గురిపెట్టి కాల్చేవాడు) దాక్కుంటాడు లాంటివి రాయడానికే అవి ఉన్నాయి. వికీపీడియాను ఆ ఆట పేరు కూడా వినని మనిషి చదువుతాడు. ఇకమీద చెప్పేదంతా వికీపీడియా గురించే.

2. ఊరు కాబట్టి పేజీ ఉండాలనుకోవద్దు

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తెలుగు వికీపీడియాలో ఊళ్ల పేజీలు వేలల్లో ఉన్నాయి, చాలావాటిలో ఉండేది జనాభా లెక్కల వివరాలే. నౌపడా–గుణుపురం రైల్వే లైను పక్కన ఉన్న చిన్న ఊరికి పేజీ పెడతానన్నా ఎవరూ అడ్డం చెప్పరు. అక్కడ మనుషులున్నారు, ప్రభుత్వ రికార్డుల్లో పేరుంది. ఆ అలవాటులో పోచింకి కూడా ఊరే కదా అనిపిస్తుంది. కానీ అది 2017లో వచ్చిన పబ్‌జీ ఆట కోసం గీసిన ఊరు. ఎరాంగిల్ అనే మ్యాపులో, 8 కిలోమీటర్ల పొడవు 8 కిలోమీటర్ల వెడల్పు ఉన్న నేలలో, అదో భాగం. కల్పించిన స్థలానికి అసలు ఊళ్ల రూలు వర్తించదు. ఆటతో లాభం గానీ సంబంధం గానీ లేనివాళ్లు, నమ్మదగిన చోట, ఆ స్థలం గురించి వివరంగా రాసి ఉండాలి. వికీపీడియాలో దీన్నే విషయ ప్రాముఖ్యత అంటారు. స్క్వాడ్ (కలిసి ఆడే జట్టు) మొత్తం రోజూ అక్కడే దిగుతుందన్నది లెక్కలోకి రాదు.

3. బయట ఎవరేం రాశారో వెతకండి

అసలు పని ఇదే, టైమ్ కూడా దీనికే పెట్టండి. స్థలం పేరు, పక్కన ఆట పేరు కలిపి వెతకండి. వచ్చినవాటిలో ముందు పక్కన పెట్టాల్సినవి: ఆట తయారుచేసిన కంపెనీ సైటు, అప్‌డేట్ నోట్సు, అభిమానుల వికీలు, ఆటగాళ్ల యూట్యూబ్ వీడియోలు, "ఇక్కడ దిగితే గెలుస్తారు" రకం గైడ్లు. ఇవి తీసేశాక మిగిలిన జాబితా చాలాసార్లు ఖాళీగా కనిపిస్తుంది. టెన్షన్ పడకండి, ఆ ఖాళీ కూడా జవాబే.

మిగిలిన వాటిలో ఆ స్థలం పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోయిందా, కనీసం రెండు మూడు పేరాలు దాని మీదే ఉన్నాయా అన్నది చూడండి. పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం 2020 సెప్టెంబరులో నిషేధించినప్పుడు పత్రికల్లో బోలెడు వార్తలు వచ్చాయి. 2021లో బీజీఎమ్‌ఐగా తిరిగొచ్చినప్పుడూ అంతే. కానీ అవన్నీ ఆట గురించి, దాని కంపెనీ గురించి. పోచింకి మీద పేజీకి ఆ వార్తలు మూలాలుగా పనికిరావు. కొత్తవాళ్లు పేజీ బరువుగా కనిపించాలని ఇలాంటి లింకులు పది తెచ్చి పెడుతుంటారు. చదివి చూసేవాడికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మూలాలు తెలుగులోనే ఉండాలన్న పట్టింపు లేదు. ఇంగ్లీషులో ఉన్నా, ఒడియాలో ఉన్నా, జపనీసులో ఉన్నా చెల్లుతాయి. ఒడియా చదవడం వచ్చిన మనవైపు కుర్రాళ్లకు ఇంకో తలుపు తెరిచి ఉన్నట్టే.

ఈ వెతుకులాటలో స్థలం ఎంత పెద్దదన్నది చూడక్కర్లేదు. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి పోకెమాన్ ఆటల్లో లావెండర్ టౌన్ అనే చిన్న ఊరుంది. చనిపోయిన పోకెమాన్‌లకు సమాధుల గోపురం ఉన్న ఊరు. ఆటలో అక్కడ గడిపేది కాసేపే. కానీ ఆ ఊరి సంగీతం విని పిల్లలు జబ్బు పడ్డారని ఇంటర్నెట్‌లో ఒక పుకారు లేచింది. అది నిజం కాదు. అయినా ఆ పుకారు గురించి, ఆ సంగీతం జనాన్ని ఎందుకు భయపెట్టిందన్న దాని గురించి ఎందరో రాశారు. అందుకే ఇంగ్లీషు వికీపీడియాలో ఆ ఊరికి సొంత వ్యాసం ఉంది. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొదటి లెవెల్‌కూ ఉంది. ఒక్క ముక్క కూడా చెప్పకుండా ఆట ఎలా ఆడాలో ఆ లెవెల్ ఎలా నేర్పిందో డిజైనర్లు ఇప్పటికీ విడమరిచి చెబుతుంటారు.

4. కథ తీసేసి చూడండి

దొరికిన సమాచారంలోంచి "ఇక్కడ ఇది జరుగుతుంది, ఈ విలన్ ఉంటాడు, ఈ ఆయుధం దొరుకుతుంది" అన్నవన్నీ కొట్టేయండి. ఆ స్థలాన్ని ఎవరు, ఎందుకు అలా రూపొందించారు? విమర్శకులు ఏమన్నారు? తర్వాతి ఆటల మీద ఏం ప్రభావం పడింది? వీటికి జవాబులు మిగిలితే వ్యాసం నిలబడుతుంది. 2007 నాటి బయోషాక్‌లో సముద్రం అడుగున కట్టిన ర్యాప్చర్ నగరాన్నే చూడండి. కథంతా తీసేసినా దాని ఆర్ట్ డెకో శైలి కట్టడాల గురించి, రచయిత్రి అయాన్ రాండ్ ఆలోచనలతో దానికున్న లంకె గురించి చెప్పడానికి చాలా ఉంటుంది. పోచింకిలో కథ తీసేస్తే మిగిలేవి ఇళ్లూ, ఓ చర్చీ. ఆటగాళ్లకు కోపం వచ్చినా నా మాట ఇదే.

5. ఆట పేజీలో ఇమడదా?

మూలాలు దొరికినంత మాత్రాన విడి పేజీ తప్పనిసరి కాదు. తెలుగులో ఆ ఆట పేజీయే నాలుగు లైన్ల మొలకగా (ఇంకా ఎదగని చిన్న వ్యాసంగా) ఉంటే, ముందు దాన్ని పెంచండి. స్థలానికి అందులోనే ఒక విభాగం పెట్టి, స్థలం పేరుతో దారిమార్పు (ఆ పేరు నొక్కితే ఆట పేజీకి తీసుకెళ్లే ఏర్పాటు) చేయండి. వెతికినవాడు సరైన చోటికే వస్తాడు. ఎరాంగిల్ పేరులో ఆట రూపకర్త బ్రెండన్ గ్రీన్ కూతురి పేరు కలిసి ఉందన్న లాంటి వివరానికి ఆ విభాగం చాలు. ఒకే స్థలం అనేక ఆటల్లో మళ్లీ మళ్లీ వస్తే లెక్క మారుతుంది. జెల్డా ఆటల్లోని హైరూల్ రాజ్యాన్ని ఏ ఒక్క ఆట పేజీలోనూ ఇరికించలేం. నెట్ సెంటర్ల రోజుల నుంచి అందరికీ తెలిసిన కౌంటర్ స్ట్రైక్ మ్యాపు డస్ట్ 2 కూడా అలాంటిదే. 2001 నుంచి ఒక వెర్షన్ తర్వాత ఇంకో వెర్షన్‌లో వస్తూనే ఉంది.

ఇంగ్లీషు వికీలో పేజీ ఉంది కాబట్టి అనువాదం చేసేస్తానంటారు కొందరు. ఉండటం ఒక ఆనవాలు మాత్రమే. అక్కడ కూడా చాలా ఆటల స్థలాల పేజీలను విలీనం చేశారు, తొలగించారు. కింద ఉన్న మూలాలు తెరిచి చదివాకే అనువాదం మొదలుపెట్టండి.

6. పేరు, ఆ తర్వాత

పేరు పెట్టేటప్పుడు కాస్త చూసుకోండి. పోచింకి అనే అసలు ఊరు రష్యాలో ఉంది, నిజ్నీ నోవ్‌గొరోద్ ప్రాంతంలో. ఎవరైనా దాని మీద రాస్తే ఆ పేరు ఆ ఊరికే దక్కాలి. ఆటలోని దానికి దారిమార్పు పెట్టినా పేరు పక్కన బ్రాకెట్లో ఆట పేరు చేర్చండి.

వ్యాసం పెట్టాలనే తేలితే నేరుగా పెట్టకండి. మీ ప్రయోగశాలలో (చిత్తుగా రాసుకునే మీ సొంత పేజీలో) రాసి, ఆట పేజీకి ఉన్న చర్చ పేజీలో మూలాల జాబితా ఇచ్చి, సరిపోతాయా అని అడగండి. అక్కడ ఎవరూ పలకకపోతే రచ్చబండలో (వికీపీడియన్లందరూ మాట్లాడుకునే పేజీలో) అడగండి. వద్దని తేలినా ఆ జాబితాను చర్చ పేజీలోంచి తీసేయొద్దు. రేపు ఎవరైనా ఆ స్థలం మీద వివరంగా రాస్తే, దారిమార్పును తీసేసి దాన్నే వ్యాసంగా మార్చడం ఐదు నిమిషాల పని.